అతిథి మంచం మీద పవళించిన పట్టు గౌను గారికి

మహాలక్ష్మీ సమానురాలైన పట్టు గౌను గారికి, విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి తమరి యజమానురాలు (రశీదులో అలాగే ఉంది) నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ, అంటే పక్క గదిలో, తమరి క్షేమం కోసమే ఇంటిల్లిపాదీ సముద్రం వైపు కిటికీలు మూసుకుని ఉక్కలో ఉడుకుతున్నాము.

తమరి పుట్టుక సామాన్యమైనది కాదని ఒప్పుకుంటాను. పట్టుపురుగు రెండు మూడు రోజులు తల తిప్పుతూ, దాదాపు కిలోమీటరు పొడవున్న ఒకే పోగును తన చుట్టూ అల్లుకుంటుంది. ఆ పట్టును ఉడకబెట్టి జిగురు తీసేసరికి బరువులో నాలుగో వంతు దాకా పోతుంది. నా బ్యాంకు ఖాతాలో పోయిన వంతు అంతకంటే పెద్దది. పటిక పట్టించి, మంజిష్ఠలో ముంచి తీసిన తమరి ఎరుపు ఒక భుజం మీద ముదురుగా, మరో భుజం మీద లేతగా ఉంది. మరో దుకాణంలో అయితే దానిని మరక అని చెప్పి ధర తగ్గించమనేదానిని. డిజైనరమ్మ "చేతి ముద్ర" అన్నారు కనుక, పూర్ణా మార్కెట్టులో కరివేపాకు దగ్గర రెండు రూపాయలకు బేరమాడే నేను నోరెత్తలేదు.

మగ్గం పని విషయంలో మాత్రం నాకు వేళాకోళం లేదు. చట్రానికి బిగించిన బట్ట మీద ఒక చేత్తో ఆరీ సూది దించి, కింద రెండో చేత్తో దారం అందిస్తూ, ఒక్కొక్క కుట్టునూ పైకి లాగి, జర్దోసీనీ కట్‌దానా పూసలనూ కుదురుగా నిలిపిన మనిషి పేరు తమరి మెడ వెనుక చీటీ మీద లేదు. అక్కడ ఉన్నది డిజైనరమ్మ పేరే.

ఆ చీటీ ప్రకారం తమరికి నీళ్లు, ఎండ, చెమట, అత్తరు తగలరాదు. చెమట తగలకూడని బట్టను విశాఖలో ఏ నెలలో వేసుకోవాలో రాయడానికి చోటు చాలలేదు కాబోలు. మడత పెడితే జరీ విరుగుతుంది, వేలాడదీస్తే పూసల బరువుకు భుజాలు సాగుతాయి, ఉప్పుగాలి సోకితే మెరుపు నల్లబడుతుంది. అందుకే తమరు పాత పంచె కప్పుకుని అతిథి మంచం మీద పవళించారు.

తమరిని ధరించింది ఒక్కసారే, రుషికొండ దగ్గర ఒక పెళ్లివిందుకు. రొయ్యల వేపుడు వంక చూడకుండా, ఏసీ గాలి వచ్చే మూల మూడు గంటలు నిలబడ్డాను. మా అత్తగారు దగ్గరకు వచ్చి, తమరి అంచు పట్టుకుని చూసి, "నైటీకి ఇంత పనెందుకమ్మా?" అన్నారు.

మా అమ్మ పెళ్లినాటి ధర్మవరం చీరను నేనూ కట్టాను, మా అమ్మాయీ కట్టింది. అది ఎవరి నడుమునూ ఏనాడూ ప్రశ్నించలేదు. తమరు మాత్రం నిరుటి దసరానాటి నన్నే నేనుగా గుర్తిస్తారు.

ఇక అసలు విషయం. శుక్రవారం మధ్యాహ్నానికి మా ఆడపడుచు, అన్నయ్యగారు రత్నాచల్ రైల్లో దిగుతున్నారు. ఆయనకు నడుమునొప్పి, నేల మీద పడుకోలేరు. దయచేసి మూడు రాత్రులు డైనింగ్ టేబుల్ మీద సర్దుకోగలరా? మేము నేల మీదే భోజనాలు చేస్తాము.