శ్మశానం కూడా తాయిలమేనా?

ఎన్నికల హామీల్లో గ్యాస్ సిలిండరు, పింఛను పక్కన సమాధి స్థలం కూడా చేరిపోయింది. 2025 నవంబరులో హైదరాబాద్ జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక సందర్భంగా ముస్లింల ఖబ్రస్తాన్‌కు (శ్మశానానికి) జాగా ఇచ్చే మాట ఎంత రచ్చయిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఎవరు ఇస్తామన్నారు, ఎవరు అడ్డుపడ్డారు అన్న తగవులోకి మేం పోదలచుకోలేదు. మా గుబులు వేరు. చచ్చినవాడికి చోటు చూపడమనే బాధ్యతను ప్రభుత్వం అభ్యర్థి చేతిలో తాయిలంగా పెడుతోంది. ఈ ఆనవాయితీ పాతుకుపోతే పీకడం ఎవరి తరమూ కాదు.

శ్మశానాలు ఎవరి పూచీయో రాజ్యాంగంలో స్పష్టంగానే ఉంది. ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో పదో అంశం చూడండి. 1992 నాటి 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పద్నాలుగో అంశం చూడండి. ఖననం, దహనం, విద్యుత్ దహనవాటిక పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన పనుల్లో ఉన్నాయి, మంచినీరు, పారిశుద్ధ్యాల సరసన. మాకు ఓటేస్తేనే నల్లా తిప్పుతాం అంటే ఊరుకుంటామా? (ఊరుకుంటున్నామేమో కూడా, అది మరో రోజు మాట్లాడుకుందాం.)

ఈ బేరం హైదరాబాద్‌కు పుట్టుకతో వచ్చింది కాదు. 1591లో నగర నిర్మాణానికి రూపురేఖలు గీసిన కుతుబ్‌షాహీల పీష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్తరాబాదీ, ఊరితోపాటు కాటినీ తలచుకున్నాడు. సుల్తాన్‌షాహీలోని దాయిరా, అంటే సమాధుల తోట, ఆయన పేరుతోనే ఉంది. స్థలం సొంత సొమ్ముతో కొన్నాడనీ, కర్బలా నుంచి మట్టి తెప్పించి చల్లించాడనీ చెప్పుకొంటారు. 1625లో ఆయన కూడా ఆ మట్టిలోనే కలిశాడు. తర్వాత నిజాంల దివాన్లు మీర్ ఆలం, సాలార్‌జంగ్‌లు అక్కడికే చేరారు. పేరూ ఊరూ తెలియని వేల మంది వాళ్ల పక్కనే ఉన్నారు. వ్యాపారానికి వచ్చి ఇక్కడే కన్నుమూసిన ఆర్మీనియన్లకు ఉప్పుగూడలో చోటు దొరికింది, పదిహేడో శతాబ్దపు రాతిపలకలు అందుకు సాక్ష్యం. పార్సీలు శవాలను పక్షులకు వదిలే దఖ్మా వల్ల ఒక గుట్టకు పార్సీగుట్ట అన్న పేరే స్థిరపడింది. కోఠీ రెసిడెన్సీ ఆవరణలో ఇంగ్లిష్ దొరల సమాధులున్నాయి. క్రైస్తవులకు నారాయణగూడ, భోయిగూడ. హిందువులకు మూసీ ఒడ్డున పురానాపూల్. ఏ దేశం నుంచి వచ్చినా, ఏ దేవుడిని మొక్కినా ఈ ఊళ్లో చావడానికి భయపడనక్కర్లేని రోజులవి.

అవి కూడా దానాలే కదా అంటారా? నిజమే. కానీ మీర్ మోమిన్ తన సొమ్ము ఇచ్చాడు, బదులుగా ఓటు అడగలేదు. నేటి నాయకుడు ఇచ్చేది మన నేలే, అడిగేది మన ఓటే.

ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది అని ముసలివాళ్లు నిట్టూర్చేవారు. హైదరాబాద్‌లో ఇప్పుడు కాడు కూడా రమ్మనడం లేదు. నగరం ఔటర్ దాకా పాకింది, పాత శ్మశానాలు మాత్రం గోడ కూలిన ప్రతిసారీ నాలుగు గజాలు కుంచించుకుపోతున్నాయి. క్రైస్తవ కుటుంబాలు తాతను పెట్టిన సమాధినే తవ్వి మనవడిని దించుతున్నాయి. ఖబ్రస్తాన్లలో గుంతకు వేలకు వేలు గుంజుతున్నారన్న ఫిర్యాదులు కొత్తవి కావు. హిందువులందరూ కాల్చేవారు కాదు. లింగాయతులున్నారు, పూడ్చే ఆచారమున్న దళిత కుటుంబాలున్నాయి, పసిపిల్లల శవాలున్నాయి. ఇక అద్దె ఇంటివాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఓనరు శవాన్ని గుమ్మం ఎక్కనివ్వడు, ఆసుపత్రి నుంచి నేరుగా కాటికే. 2021 వేసవిలో ఎర్రగడ్డ ఈఎస్ఐ శ్మశానవాటిక ముందు అంబులెన్సులు వరుసకట్టినప్పుడైనా ఏలినవారికి బుద్ధి రావలసింది.

నగరంలో గజం ధర ఆకాశంలో ఉంది, విద్యుత్ దహనవాటికలే దారి అనేవారున్నారు. ఒక మతానికి స్థలమిస్తే బుజ్జగింపు అనేవారూ ఉన్నారు. మొదటివారు పూడ్చే ఆచారాన్ని మరిచారు, రెండోవారు చావును మరిచారు.

తాయిలమన్నాక ఇచ్చే చేతికి ఇవ్వకుండా ఉండే అధికారమూ వస్తుంది. మేం పదే పదే చెబుతున్నది ఇదే. ఉప ఎన్నిక లేని నియోజకవర్గంలో చచ్చినవాడి గతేమిటి? వెయ్యి ఓట్లు కూడా లేని బస్తీ శవాన్ని ఎక్కడికి మోయాలి? ఈరోజు ఒకరికి ఇచ్చి ఓట్లు దండుకున్నవాడు రేపు ఇంకొకరికి ఇవ్వనని చెప్పి కూడా ఓట్లు దండుకోగలడు. 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్ క్రైస్తవుడొకరు తండ్రి శవాన్ని దాదాపు మూడు వారాలు మార్చురీలో ఉంచి సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. ఊళ్లో పూడ్చనివ్వలేదు. న్యాయమూర్తులిద్దరి మధ్యే ఏకాభిప్రాయం కుదరలేదు, చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని క్రైస్తవ శ్మశానం చూపించారు. సమాధి స్థలాన్ని ఎవరో దయతలచి ఇచ్చేదిగా చూసిన చోట జరిగేది అదే.

శ్మశానాల సర్వే నంబర్లు, హద్దులు, ఆక్రమణల వివరాలు వార్డుల వారీగా బయటపెట్టడానికి ప్రభుత్వానికి అడ్డేమిటి? చెరువుల ఆక్రమణల మీద ప్రభుత్వ సంస్థ హైడ్రా చూపిన దూకుడులో సగమైనా ఇక్కడ ఎందుకు కనిపించదు? పార్కుకూ రోడ్డుకూ స్థలం వదలనిదే లేఅవుట్‌కు అనుమతి ఇవ్వని అధికారులు, ఆ వెంచర్లో కాపురముండేవాళ్లు ఏనాటికీ చావరనుకుంటున్నారా? ఈ పనులేవీ ఎన్నికల షెడ్యూలు కోసం ఆగనక్కర్లేదు, షెడ్యూలు వచ్చాక చేయనూ కూడదు.

రాబోయే ఎన్నికల సభలో ఏ నాయకుడైనా శ్మశానం మాటెత్తితే, తన వార్డులోని శ్మశానం ఒకప్పుడు ఎన్ని గజాలుండేదో, ఇప్పుడెన్ని మిగిలాయో, పోయినవి ఎవరి ఇళ్ల కింద ఉన్నాయో ముందు చెప్పమనండి. నోరు పెగలకపోతే మైకు అక్కడే పెట్టి వేదిక దిగమనండి.