చుక్క పొడిచేదాకా ఆగాలి

ఉక్రెయిన్ పండుగల మీద వ్యాసం బాగుంది. ఒక్క సవరణ. అక్కడ క్రిస్మస్ సెలవు జనవరి 7న అని రాశారు. 2023లో చట్టం మార్చి దాన్ని డిసెంబర్ 25కి తెచ్చేశారు. ముందురోజు రాత్రి విందు, 'స్వ్యాతీ వెచీర్', ఇప్పుడు 24న. పాత తేదీనే పట్టుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయనుకోండి.

నేను విన్నిట్సియాలో మెడిసిన్ చదివే రోజుల్లో అది జనవరి 6. ఇంటి ఓనరమ్మని 'బాబూస్యా' అనేవాళ్ళం, అంటే నానమ్మ. మా ముగ్గురినీ భోజనానికి పిలిచింది. తొలిచుక్క పొడిచేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదట. ఆకలితో కిటికీ దగ్గర నిలబడ్డాం. మబ్బు పట్టి చుక్క ఎంతకీ రాదే! చివరికి ఆవిడే, "ఉందిలే, మబ్బు వెనకాల" అని కూర్చోబెట్టింది.

12 వంటకాలు. మాంసం లేదు, పాలూ వెన్నా లేవు. మాలో ఉన్న శాకాహారి మొహం చూడాలి ఆ రోజు! ముందుగా కుత్యా: ఉడికించిన గోధుమల్లో తేనె, అక్రోట్లు, నూరిన గసగసాలు. ఆ గసగసాలను లోపల గీతలున్న మట్టి గిన్నెలో వేసి, చెక్క రోకలితో చాలాసేపు నూరింది. పరమాన్నం అనుకుని నోట్లో పెట్టుకున్నా. గోధుమ గింజ పంటికింద పడి వేరే రుచి.

గది మూలన గోధుమ పన నిలబెట్టి ఉంది, దీదుఖ్ అంటారు. బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ, పోయిన భర్తకి. తిన్నాక గిన్నెలు తీయబోతే ఆపింది. కుత్యా, చెంచాలు రాత్రంతా అక్కడే ఉండాలట, పెద్దలు వచ్చి తింటారని. మా నాయనమ్మ మహాలయ అమావాస్యకి అచ్చం ఇలాగే అనేది.