పాతింటికి ఎన్ని నగలు పెట్టాలి?

కిందటి డిసెంబర్‌లో మన అసోసియేషన్ డెకరేషన్ కమిటీకి పెద్దని నేనే. కాబట్టి ఈ సంగతి ఎవరో చెప్పేలోపు నేనే చెప్పుకోవడం మర్యాద. క్రిస్మస్, న్యూ ఇయర్ కలిపి చేసే గెట్‌టుగెదర్‌కి ఎప్పుడూ తీసుకునే స్కూల్ కెఫెటీరియా ఈసారి వద్దనుకుని, నూరేళ్లు పైబడిన ఒక పాత భవంతిని అద్దెకి తీసుకున్నాం. చేతులు రాసుకుని రాసుకుని నున్నబడిన మెట్ల రెయిలింగ్, నిలువెత్తు కిటికీలు, నల్ల పాలరాయి ఫైర్‌ప్లేస్. తాళాలతో పాటు రెండు పేజీల రూల్స్ చేతిలో పెట్టారు. మేకులు కొట్టకూడదు, టేపు అంటించకూడదు, గ్లిటర్ వాడకూడదు, కొవ్వొత్తులు వెలిగించకూడదు. "పండగ చేసుకోకూడదు అని రాసేస్తే ఒక్క లైనులో అయిపోయేదిగా" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత కారు డిక్కీలోంచి టేపు తీశాను.

రాత్రి పదకొండున్నరకి, పిల్లలు కుర్చీల్లో తూగుతుంటే, తళుకుల దండ ఒకటి పట్టుకుని లాగాను. టేపుతో పాటు అరచెయ్యంత రంగు ఊడొచ్చింది. దాని వెంట ప్లాస్టర్ పెచ్చు. పెచ్చు వెనకాల సన్నటి చెక్క బద్దలు వరసగా, బక్కచిక్కిన మనిషి పక్కటెముకల్లా కనిపించాయి. ఏ వడ్రంగో ఒక్కొక్కటీ కొలుచుకుని, మధ్యలో వేలు దూరనంత సందు వదిలి కొట్టిన బద్దలు. నూరేళ్లలో వాటిని చూసిన మొదటిదాన్ని నేనేనేమో. డిపాజిట్ తిరిగి రాలేదు. రాకూడదు కూడా.

ఆ తర్వాత వారానికే మా అమ్మని తీసుకుని నార్త్ కరోలినా కొండల్లోని ఆష్‌విల్ వెళ్లాం, బిల్ట్‌మోర్ అనే పెద్ద పాత భవంతి చూడ్డానికి. మన షార్లెట్ నుంచి రెండు గంటల దారి. మనలో చాలామంది చుట్టాలొచ్చిన ప్రతిసారీ తీసుకెళ్లి, గార్డెన్‌లో ఫొటోలు దిగి వచ్చేసే చోటే. నేనూ అంతకు ముందు మూడుసార్లు అలాగే వచ్చేశాను. ఈసారి గోడలు చూస్తూ నడిచాను. తప్పు చేసినవాడికి పోలీసులే కనబడతారంటారు చూడండి, అలా.

రైళ్ల వ్యాపారంతో కోటీశ్వరులైన కుటుంబంలో పుట్టిన జార్జ్ వాండర్‌బిల్ట్ ఆ ఇంటి పని 1889లో మొదలుపెట్టి, 1895 క్రిస్మస్ ముందురోజు అమ్మనీ బంధువుల్నీ పిలిచి గృహప్రవేశం చేశాడు. అప్పటికి ఆయనకి 33 ఏళ్లు, పెళ్లింకా కాలేదు. 250 గదులు, 65 ఫైర్‌ప్లేస్‌లు. ఇల్లు గీసిన రిచర్డ్ మోరిస్ హంట్ ఆ జూలైలోనే పోయాడు, పండగ చూడలేదు. అంటే ఆ ఇల్లు లోకానికి మొదట కనబడిందే క్రిస్మస్ అలంకారంలో. వేరే పాత బంగళాలకి ఈ పండగ మధ్యలో వచ్చి చేరింది. దీనికి మాత్రం పుట్టిన్రోజు లాంటిది.

బాంక్వెట్ హాల్‌లో నిలబెట్టే చెట్టు 35 అడుగులు, ఫ్రేజర్ ఫర్ జాతిది. నవంబర్ మొదట్లో సిబ్బంది బృందంగా భుజాల మీద మోసుకొచ్చి, తాళ్లు కట్టి లేపుతారు. మామూలు ఇంట్లో అయితే 35 అడుగులంటే మూడంతస్తులు దాటిపోతుంది. కానీ ఆ హాలు కప్పే 70 అడుగుల ఎత్తు! చెట్టు కొన సరిగ్గా సగం దాకా వెళ్లి ఆగుతుంది. పైన మిగిలిన సగం ఖాళీ. ఆ ఖాళీ వల్లే చెట్టు నిజంగా చెట్టులా, హాలు నిజంగా హాలులా కనబడతాయి. గోడల మీద వేలాడుతున్న, బెల్జియం వైపు బొమ్మలతో నేసిన పాత ఫ్లెమిష్ తెరలకి ఎక్కడా ఒక రిబ్బన్ తగలదు. దండలు ఫైర్‌ప్లేస్ పైన, తలుపుల చుట్టూ, మెట్ల పొడవునా ఉన్నాయి. గోడ మధ్యలో ఏమీ లేదు.

అమ్మ చాలాసేపు తల పైకెత్తి చూసింది. తర్వాత మా పార్టీ ఫొటోలు చూపించమంది. ఫోన్ ఇచ్చాను. రెండు ఫొటోలు చూసి, "నగ మెడకి పెడతారు గానీ మొహానికి కడతారుటే?" అంది.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ మాటలోనే ఉంది. పాత ఇంటికి కొన్ని చోట్లు పుట్టుకతోనే నగల కోసం ఉంటాయి. మంట ఉండే చోటు, జనం లోపలికొచ్చే గుమ్మం, పైకి వెళ్లే మెట్లు, భోజనాల బల్ల. కట్టినవాడు మన చూపు అక్కడికి పోవాలనే కట్టాడు. అక్కడ ఎంత ఆకుపచ్చ పెట్టినా ఇల్లు ఒప్పుకుంటుంది. మిగతా గోడలు దాని మొహం. మనం చేసిందేంటి? బడ్జెట్‌లో డబ్బులు మిగిలాయని, ఖాళీగా కనబడ్డ ప్రతి అడుగుకీ ఏదో ఒకటి తగిలించాం. కెఫెటీరియాలో ఆ పని తప్పదు, అక్కడ సిమెంటు ఇటుకలు దాచాలి. దాచడం అలవాటైన చేతులకి చూపించడం రాలేదు.

రూల్స్ గురించి ఇప్పుడు నాకు కాస్త తెలుసు, డిపాజిట్ పోయాక చదివాను కాబట్టి. గ్లిటర్ అంటే పాత ఇళ్లు చూసుకునే కన్జర్వేటర్లకి ఒళ్లు మంట. చెక్క సందుల్లో, తివాచీ పోగుల్లో దూరిందంటే మార్చి దాకా దొరుకుతూనే ఉంటుంది, తుడిచిన కొద్దీ పాలిష్‌ని గీకుతుంది. ఎర్ర పళ్ల గుత్తులు అందంగా ఉంటాయి, ఒకటి రాలి కాలికింద పడితే తివాచీకి మచ్చ. పచ్చి కొమ్మల్లో తడి ఉంటుంది, పురుగులుంటాయి. ఎండిన పూలకైతే కొన్ని మ్యూజియం ఇళ్లలో ముందు కొన్నాళ్లు డీప్ ఫ్రీజర్‌లో కాపురం పెడతారు, పురుగు చచ్చాక గానీ గదిలోకి రానివ్వరు. ఇక చెట్టుకి రోజూ నీళ్లు పొయ్యాలి. దాహం తీరని ఫర్ చెట్టు నాలుగు వారాల్లో చితుకుల మోపు అయిపోతుంది.

చితుకులంటే నిప్పు గుర్తొస్తుంది. 1889లో అప్పటి ప్రెసిడెంట్ బెంజమిన్ హారిసన్ కుటుంబం వైట్ హౌస్‌లో చెట్టు పెట్టుకున్నప్పుడు దాని మీద వెలిగించినవి నిజం కొవ్వొత్తులే. క్లీవ్‌లాండ్ హయాంలో 1894లో కరెంటు దీపాలొచ్చాయి. 1929 డిసెంబర్ 24 రాత్రి హూవర్ దంపతులు పిల్లలకి పార్టీ ఇస్తుంటే ప్రెసిడెంట్ ఆఫీసులుండే వెస్ట్ వింగ్ అంటుకుంది. పాపం అందులో చెట్టు తప్పేం లేదు. ప్రెసిడెంట్ లేచి ఫైళ్లు బయటపెట్టించడానికి పరిగెత్తాడు, పిల్లలకి తెలియకుండా బ్యాండు మాత్రం ఆగకుండా వాయించింది. మరుసటి ఏడాది ఆ పిల్లలకే బొమ్మ ఫైరింజన్లు పంచారట. ఈ కథ నాకు తెగ నచ్చింది. మా డిపాజిట్ గురించి మావాళ్లకి కూడా ఇంకో ఏడాది గడిస్తే నవ్వొస్తుందేమో.

వైట్ హౌస్ ఎత్తాను కాబట్టి చెప్తున్నా, అక్కడి అలంకారం మీద ప్రతి డిసెంబర్‌లో మన వాట్సాప్ గ్రూపుల్లో జరిగే యుద్ధంలో నేను ఏ పార్టీ పక్షమూ కాదు. ఎవరి హయాంలోనైనా నాకు ఇబ్బంది అనిపించేది థీమ్. 1961లో ప్రెసిడెంట్ భార్య జాక్వెలిన్ కెనెడీ అక్కడి బ్లూ రూమ్ చెట్టుని నట్‌క్రాకర్ బ్యాలే కథలోని బొమ్మలతో అలంకరించినప్పటి నుంచీ ఏటా ఒక థీమ్ ఉండాలన్నది ఆచారమైపోయింది. ఒక చెట్టుకి థీమ్ ముచ్చటగానే ఉంటుంది. ప్రతి గదికీ, ప్రతి కారిడార్‌కీ పాకితే ఇల్లు స్టేజీ అవుతుంది. "మా ఆడపడుచు పెళ్లిలో మండపానికి థీమ్ పెట్టలేదా" అంటారు. పెట్టాం, ఆ మండపాన్ని మర్నాడు విప్పేశాం కదా!

నిజానికి వైట్ హౌస్‌కి మనం అనుకునేంత ఇబ్బంది కూడా లేదు. ప్రెసిడెంట్ ట్రూమన్ కాలంలో బయటి గోడలు నిలబెట్టి లోపలంతా తవ్వేశారు, ఉక్కు చట్రం పెట్టి 1952కి మళ్లీ కట్టారు. అంటే లోపలి గోడలు చాలావరకు మన తాతల వయసువి, ముత్తాతలవి కాదు. అక్కడ కూడా బ్లూ రూమ్‌లో చెట్టు నిలబడాలంటే ముందు షాండ్లియర్ దించుతారు, చెట్టు కొనని దాని స్థానంలో సీలింగ్‌కి కట్టి బిగిస్తారు. కొత్త మేకు కొట్టకుండా ఉన్న కొక్కేన్ని వాడుకున్నారన్నమాట. ఈ ఒక్క ఉపాయం నాకు థీమ్‌లన్నిటికంటే నచ్చింది.

బిల్ట్‌మోర్‌లో అమ్మ రెండో ప్రశ్న వేసింది. మొదటిది బాత్‌రూమ్ ఎక్కడని. "ఇన్ని గదులు ఊడ్చేదెవరే?" మేం చూడ్డానికి వచ్చింది ధనవంతుడి ఇల్లు, ఆవిడకి కనబడింది చీపురు. కింది అంతస్తులో వంటగదులు, లాండ్రీ, పనివాళ్ల గదులు చూశాక గానీ ఆవిడ మనసు కుదుటపడలేదు. ఎస్టేట్ పనివాళ్ల పిల్లలకి క్రిస్మస్ చెట్టు దగ్గర కానుకలివ్వడం ఆ ఇంటి ఆనవాయితీ. తర్వాత ఇంటి యజమానురాలైన ఈడిత్ వాండర్‌బిల్ట్ ఏ పిల్లాడికి ఏ ఏడు ఏ బొమ్మ ఇచ్చారో రాసి పెట్టుకునేదట, ఇచ్చిందే మళ్లీ ఇవ్వకుండా. మంచి పనే. అయినా ఎక్కడ చూసినా ఈ కానుకల కథే చెప్తారు గానీ, మంటలన్నిటికీ కట్టెలెవరు మోశారో, జనవరిలో రాలిన ఆకులెవరు ఎత్తారో అంత మురిపెంగా చెప్పరు. నాకు నచ్చని సంగతి ఇదొక్కటే.

మనకీ ఆ జబ్బుంది. మన ఫంక్షన్ ఫొటోల్లో డెకరేషన్ కమిటీ అంతా పట్టుచీరల్లో ఉంటుంది. రాత్రి ఒంటిగంటకి చెత్త బస్తాలు కట్టిన నలుగురు ఒక్క ఫొటోలో ఉండరు. కిందటిసారి ఆ నలుగురే లేకపోతే గోడతో పాటు చెత్త సంగతి కూడా తెల్లారాక, ఓనర్ల నోటి మీదుగా వినాల్సొచ్చేది.

ఈ డిసెంబర్‌కి మళ్లీ అదే ఇల్లు అడిగాం. ఇచ్చారు, డిపాజిట్ రెట్టింపు చేసి. ఈసారి గోడ జోలికి పోయేది లేదని కమిటీలో తీర్మానించాం. ఒకే చెట్టు, అది కూడా మన నార్త్ కరోలినా కొండల్లో పెంచిన ఫ్రేజర్ ఫర్. క్రిస్మస్ చెట్లు పండించడంలో ఒరెగాన్ తర్వాత మన రాష్ట్రానిదే స్థానం, ప్లాస్టిక్ కొనడానికి సిగ్గుపడాలి. ఫైర్‌ప్లేస్ అరుగు మీద కొమ్మలు, వాటి కింద గుడ్డ. మెట్ల రెయిలింగ్‌కి మెత్తటి రిబ్బన్‌తో కట్టిన దండ. తోరణం కట్టే తీరాలన్న పెద్దల కోసం గుమ్మం ముందు తన కాళ్ల మీద తనే నిలబడే చెక్క ఫ్రేమ్ ఒకటి చేయిస్తున్నాం, గుమ్మానికి తగలకుండా జానెడు ఇవతల. అంతే. "మరీ బోసిగా ఉండదూ?" అని కోశాధికారి గారే అడిగారు, చిత్రంగా ఖర్చు తగ్గుతుంటే కూడా. సాయంత్రం ఆరింటికి ఆ కిటికీల్లోంచి వెలుగు తగ్గుతున్నప్పుడు వచ్చి చూసి, అప్పుడు చెప్పమన్నాను.

సర్దడానికి ఉండేవాళ్ల పేర్లు ఈసారి ముందే రాసుకుంటున్నాం. మొదటి పేరు నాదే. రెండో పేరు అమ్మది, వీసా పొడిగించుకుని మరీ ఉంటానంది, ఆ బద్దలు తనూ ఒకసారి చూడాలట. అప్పుడే పూడ్చేశారమ్మా అంటే నిరాశపడింది. టేపు మాత్రం పన్నెండు చుట్టలు, సీలు తియ్యనివి, మా గరాజ్‌లో పడున్నాయి. సొంతిల్లు ఉన్నవాళ్లెవరైనా వచ్చి పట్టుకెళ్లండి.