ఆక్సిమీటర్‌లో 95 ఉంటే గ్యాసేనా?

పర్లాకిమిడి నుంచి రాయగడ దాకా తెలుగు గ్రూపులన్నింట్లో మళ్లీ అదే మెసేజ్. "ఉన్నట్టుండి ఆయాసమా? ఆసుపత్రికి పరిగెత్తి డబ్బు తగలెయ్యకండి" అని మొదలై, ఆరు చిట్కాలు చెప్పి, "పదిమందికి పంపి ఒక ప్రాణం కాపాడండి" అని ముగుస్తుంది. పదిమందీ పంపేశారు కాబట్టి ఇక జవాబు చెప్పక తప్పదు.

మొదటిది, పది సెకన్లు ఊపిరి బిగపట్టగలిగితే ఊపిరితిత్తులు భేషట. 2020లో కరోనాకీ ఇదే పరీక్ష పెట్టారు, అప్పుడూ తప్పే. మునుగుతున్నవాణ్ణి ఇంకో మునక వెయ్యమన్నట్టుంది.

రెండోది, గట్టిగా దగ్గుతూ ఉంటే గుండె ఆగదట. గుండె ఆగినవాడికి కొద్ది సెకన్లలోనే స్పృహ పోతుంది. మరి దగ్గేదెవరు?

మూడోదాని దగ్గరే నా గొడవంతా. "ఆక్సిమీటర్‌లో 95 దాటితే అది గ్యాస్, లేదా భయం. సోడా తాగి, కాగితం సంచి ముక్కుకి పెట్టుకుని అందులోనే ఊపిరి పీల్చండి." ఆ అంకె రక్తంలో ఆక్సిజన్ సంగతి చెబుతుంది. దాన్ని అక్కడ నిలబెట్టడానికి మనిషి ఎంత అవస్థ పడుతున్నాడో చెప్పదు. నిమిషానికి 32 సార్లు రొప్పుతూ, మెడ కండరాలు బిగించి 96 నిలబెట్టినవాడు అలిసిపోయాక ఒక్కసారిగా జారిపోతాడు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పొగ పీల్చినవాడికైతే ఆ యంత్రం హాయిగా 98 చూపిస్తుంది, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తానికీ మంచి రక్తానికీ దానికి తేడా తెలీదు.

95 దాటి ఉండగానే ప్రాణం తీయగలిగేవి ఇంకా ఉన్నాయి. ఊపిరితిత్తుల రక్తనాళంలో అడ్డుపడే రక్తపు గడ్డ: ఈమధ్య కాన్పో ఆపరేషనో అయిందా, ఒక కాలి పిక్క మాత్రమే వాచిందా అని చూడాలి. షుగర్ ఉన్నవాళ్లలో గుండెపోటు నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంగానే రావచ్చు. ఊపిరి లోతుగా, వేగంగా ఉండి, స్టెతస్కోపులో ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపిస్తే షుగరు, కీటోన్లు (షుగర్ అదుపు తప్పితే రక్తంలో పేరుకునే ఆమ్లాలు), కిడ్నీలు చూడాలి. మన కొండ ప్రాంతంలోనైతే ఫాల్సిపారం అనే ప్రమాదకర రకం మలేరియా కూడా.

ఇక కట్లపాము, ఒడియావాళ్ల చితి సాప. నేల మీద పడుకున్నవాణ్ణి రాత్రి కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనపడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాలిపోయే రెప్పలు, ముద్దమాట, తర్వాత ఆయాసం. ఊపిరి కండరాలు చచ్చుబడే చివరి ఘడియ దాకా ఆక్సిమీటర్ నవ్వుతూనే ఉంటుంది. ఇతనికి సోడా పోస్తారా? మింగలేని గొంతులో పోసింది ఊపిరితిత్తుల్లోకే పోతుంది. విషానికి విరుగుడు ఇంజెక్షన్, అవసరమైతే వెంటిలేటర్ కావాలి. అది బరంపురంలోనో కోరాపుట్‌లోనో విశాఖలోనో ఉంటే, సంచి పట్టుకు కూర్చున్న గంటని ఎవరు తిరిగిస్తారు?

ఆ సంచిలో పీల్చేది వదిలిన గాలే. ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. భయంతో వచ్చే ఆయాసం లేదనను, ఉంది. కానీ ఆ పేరు మిగతావన్నీ కాదని తేలాక, చివర్లో పెట్టాల్సింది.

ఇంట్లో చూడాల్సింది వేరే. ఒక్క ఊపిరిలో వాక్యం పూర్తి చేయగలుగుతున్నాడా? పొట్ట కదలికలు చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టండి, పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించడం కాదు. 30 దాటితే ఆక్సిమీటర్ జేబులో పెట్టి 108కి ఫోన్ చేయండి. క్యాజువాల్టీలో మొదట రెండు వైపులా గాలి వెళ్తోందో లేదో వింటారు. పిల్లికూతలు ఉన్న ఉబ్బసం కంటే, కూతలు కూడా ఆగిపోయిన ఉబ్బసం ప్రమాదం. ఒక పక్క నిశ్శబ్దంగా ఉండి బీపీ పడిపోతుంటే ఊపిరితిత్తి బయట ఛాతీలో చిక్కుకుని నొక్కుతున్న గాలిని ఎక్స్‌రే దాకా ఆగకుండా సూదితో తీస్తారు. ఈసీజీ పది నిమిషాల్లో తీయాలి. మొదటిది మామూలుగా ఉందని ఇంటికి పంపకూడదు, మళ్లీ తీయాలి, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) కూడా కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చూడాలి.

నాలుగోది, పడుకోబెట్టి కాళ్లు పైకెత్తాలట. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాడికి ఇలా చేస్తే, కాళ్లలోని రక్తం కూడా ఆ గుండె మీదికే తోలినట్టు. కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టండి. ఎవరూ చెప్పకపోయినా అతను అదే చేస్తాడు. మీరు బలవంతంగా పడుకోబెట్టకుండా ఉంటే చాలు.

ఐదోది, ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, వాము ఆవిరి చాలట. అన్నం కూడా అలవాటే మరి. ఉబ్బసం ముదిరితే ఊపిరి గొట్టాల్ని తెరిచే సాల్బుటమాల్ ఇన్‌హేలర్, దానికి తగిలించే స్పేసర్ డబ్బాతో, ఒక్కో పఫ్ విడివిడిగా, 4 నుంచి 10 పఫ్‌లు. మొదటి గంటలో ప్రతి 20 నిమిషాలకీ ఇవ్వొచ్చు, ఆసుపత్రి దారిలో కూడా. స్పేసర్ లేకుండా కొట్టుకుంటే మందులో చాలా భాగం గొంతులోనే అతుక్కుంటుంది.

ఆరోది, ముఖానికి విసనకర్రతో విసరాలట. నవ్వబోయాను గానీ ఇది నిజమే. ముక్కు, బుగ్గల మీద చల్లగాలి తగిలితే ఊపిరి అందట్లేదన్న బాధ తగ్గుతుంది. రక్తంలో ఆక్సిజన్ మాత్రం పెరగదు. అంబులెన్స్ గుమ్మం ముందు ఆగేదాకా విసరండి.