గుడికి సరిపడా గుడిసె

పాత ఇల్లు కనబడగానే ‘ఇది అసలుదేనా?’ అని కూపీ లాగేవాళ్ళంటే నాకు మొదటినుంచీ గిట్టదు. అలాంటివాళ్ళు అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి వెళ్ళి, హాడ్జెన్‌విల్ అనే చిన్న ఊరి పక్కనున్న గుడిని దర్శించుకుని లెంపలేసుకోవాలి. 1809 ఫిబ్రవరి 12న అబ్రహాం లింకన్ పుట్టిన పొలం అది. గ్రానైటు గుడి, పాలరాతి గర్భగుడి, అందులో ఒక దుంగల గుడిసె. ఎక్కడానికి 56 మెట్లు, ఆయన బతికింది 56 ఏళ్ళని. నిండు నూరేళ్ళూ బతికుంటే మోకాళ్ళ నొప్పుల భక్తుల గతేమయ్యేదో!

లింకన్ తండ్రి థామస్ 1808లో 200 డాలర్లకు సుమారు 300 ఎకరాలు కొన్నాడు. అప్పట్లో కెంటకీలో సర్వేలు అస్తవ్యస్తం. చెట్లూ వాగులే హద్దులు, ఒకే చెక్కకు ఇద్దరు ముగ్గురు సొంతదారులు. మనవాళ్ళకు ఇంతకంటే వివరించక్కర్లేదు. పొలం తగాదాలో పడి 1811లో పక్కనే నాబ్ క్రీక్‌కు మారారు. అక్కడా దావాయే. 1816లో మూటాముల్లే సర్దుకుని ఇండియానా వెళ్ళిపోయారు. బానిసత్వం కొంత కారణమైనా, ముఖ్యంగా భూమి హక్కుల చిక్కుల వల్లే వెళ్ళామని లింకనే తర్వాత రాశాడు. వీళ్ళందరికంటే ముందు ఆ ప్రాంతంలో వేటాడుకున్న షానీ, చెరొకీ జనాల దగ్గర మాత్రం ఏ కాగితమూ లేదు కాబట్టి వాళ్ళకు తగాదా అనే టెన్షనే లేకపోయింది.

గుడిసె సంగతి ఎవరికీ పట్టలేదు. 1894లో న్యూయార్క్ వ్యాపారి డెనెట్ పొలం కొన్నాక గాని అవసరం రాలేదు. దగ్గర్లో ఉన్న ఒక పాత దుంగల ఇంటిని విప్పి తెచ్చి, లింకన్ దుంగలు ఇవేనంటూ ఇక్కడ నిలబెట్టారు. జనం రాలేదు. సరే, గుడిసే జనం దగ్గరికి బయల్దేరింది. 1897లో నాష్‌విల్ ప్రదర్శనకూ, 1901లో బఫెలోకూ ఊరేగింది. పక్కనే ఇంకో గుడిసె: అంతర్యుద్ధంలో లింకన్‌కు ఎదురు నిలిచిన జెఫర్సన్ డేవిస్ పుట్టిల్లట! విప్పడం, మోయడం, మళ్ళీ పేర్చడంలో రెండిళ్ళ దుంగలూ కలిసిపోయాయంటారు. నాలుగేళ్ళ యుద్ధం వల్ల కుదరని మైత్రి కూలీల చేతిలో కుదిరింది. ఇందులో తప్పుబట్టాల్సింది ఏముంది?

1906లో లింకన్ పొలం సంఘం దుంగల్ని కొనేసింది. లక్షమందికి పైగా చందాలిచ్చారు. 1909లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ శంకుస్థాపన చేస్తే, 1911లో అధ్యక్షుడు టాఫ్ట్ ప్రారంభించాడు. మధ్యలో ఒక్క చిక్కొచ్చింది. గుడిసె లోపల పెడితే ప్రదక్షిణకు చోటు చాలలేదు. మామూలు బుర్రలైతే గుడి పెంచేవి. వీళ్ళు గుడిసెను కోశారు. 16 అడుగులకు 18 ఉన్నది, 12కి 17 అయింది. కొండంత దేవుడికి కొండంత పత్రి తేలేనివాళ్ళం మనం. వాళ్ళు దేవుణ్ణే పత్రికి సరిపడా చెక్కుకున్నారు.

ఇంత చక్కని ఏర్పాటును 2004లో శాస్త్రవేత్తలు చెడగొట్టబోయారు. దుంగల్లోని వలయాలు లెక్కపెడితే వాటిలో అతి పాతది 1848 నాటిదని తేలింది. ఆ ఏడాది మన పసివాడు 39 ఏళ్ళ వయసులో అమెరికా కాంగ్రెస్‌లో కూర్చుని ఉన్నాడు. అయినా ఇప్పుడా చోటును చూసుకునే జాతీయ పార్కువాళ్ళు కంగారు పడలేదు. ‘ప్రతీకాత్మక జన్మగృహం’ అనే మాట వాళ్ళ దగ్గర ఎప్పుడో ఉంది. మా పెళ్ళిళ్ళలో ఫొటో కోసం పెట్టే ప్లాస్టిక్ అరటి చెట్లకు ఇన్నాళ్ళూ ఈ పేరు తోచనందుకు సిగ్గుపడ్డాను.

లింకన్ పుట్టేనాటికే అక్కడున్నవి లేకపోలేదు. పొలానికి హద్దుగా నిలిచిన ఓక్ చెట్టు ఒకటి, 1976 దాకా బతికింది. దానికెవరూ గుడి కట్టలేదు. ఇంకోటి, పొలానికి పేరిచ్చిన నీటి ఊట. ఆ కుటుంబం తాగిన నీళ్ళవే. ఇప్పటికీ గుడి మెట్ల పక్కనే, కింద, పల్లంలో ఊరుతోంది. దుంగల దర్శనానికి అందరం పైకే చూస్తూ ఎక్కుతాం కాబట్టి దానివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు.