ఆసు యంత్రం నిలిచింది, నల్లగొండ టెక్నిక్ ఎందుకు నిలవలేదు?

సోషల్ ఇన్నోవేషన్, అంటే జనం కష్టం తీర్చే కొత్త ఉపాయం, అనే మాట ఈ మధ్య హైదరాబాద్ మీటింగుల్లో తెగ వినిపిస్తోంది. మా ఉమ్మడి నల్లగొండకు ఇది కొత్తేం కాదు, పేరే లేదంతే.

ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంకరపోయే ఫ్లోరైడ్ నీళ్లకు నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970ల్లో ఒక ఉపాయం కనిపెట్టారు. నీళ్లలో పటిక, సున్నం వేసి కలియబెట్టడం, మడ్డి అడుగుకు దిగాక పైతేట వాడుకోవడం. దానికి మా జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. ఆ పేరు టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది, మా జిల్లాలోని మర్రిగూడలో మాత్రం నడుములు వంగుతూనే వచ్చాయి. ఉపాయంలో తప్పులేదు. కానీ పటిక మోతాదు నీళ్లను బట్టి మారుతుంది, ఎవరో ఒకరు రోజూ కొలిచి వేయాలి, మిగిలిన మడ్డిని ఎక్కడో పారబోయాలి, ఇంత చేసినా ఆ రోజుకు కంటికి కనిపించే లాభం ఒక్కటీ ఉండదు. ఎముకలు పాడవడానికి ఏళ్లు పడుతుంది కదా, ఇవాళొక్క పూట మానేస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం కథ వేరు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ వరుసగా చుట్టాలంటే, చేయి సుమారు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. తల్లి భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతితో బడి మానేసిన ఆ మనిషి ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, సంతోషమే. నాకు ముఖ్యమనిపించేది మాత్రం, యంత్రం ఇంటికొచ్చిన రోజు సాయంత్రానికే ఆమె భుజానికి సుఖం తెలిసిపోవడం. అలాంటి వస్తువు చెడిపోతే ఎవరూ మూలన పడేయరు, అప్పుచేసైనా బాగుచేయించుకుంటారు.

అలాగని నీళ్లను కూడా వ్యాపారానికే వదిలేద్దాం అనేవాళ్లతో నాకు పేచీ. ఫిల్టర్ ప్లాంటు క్యాన్ డబ్బున్న ఇంటికి వస్తుంది, కూలికి పోయినామె చేను దగ్గర బోరు నీళ్లే తాగుతుంది, ప్లాంటు వదిలేసిన ఫ్లోరైడ్ నీళ్లేమో పక్క కాల్వలోకే పోతాయి. కృష్ణా నీళ్లను పైపుల్లో ఊరూరికీ తేవడం ఏ స్టార్టప్ వల్లా అయ్యే పని కాదు, మిషన్ భగీరథలో ఎన్ని లోపాలున్నా అది సర్కారే చేయాల్సిన పని.

ఇప్పుడు మా వాడలో నల్లా ఇంటి ముందే ఉంది. అయినా క్యాన్లు కొంటూనే ఉన్నారు, ఎందుకని అడిగితే రుచి బాగుంటుందట.