కారు మనది, కాపురం వాళ్లది

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. 2019లో దాన్ని గట్టిగా సవరించారు. రెండుసార్లూ ఢిల్లీలో పెద్దలు కూర్చుని హెల్మెట్ల గురించి, సీటు బెల్టుల గురించి, తాగి నడిపేవాళ్ల గురించి తీవ్రంగా ఆలోచించారు. సీటు మీద కూర్చునేవాళ్ల గురించి అంత రాసినవాళ్లు సీటు లోపల కాపురముండే పురుగూ పుట్రా గురించి ఒక్క ముక్క రాయలేదు. ఇది చిన్న లోపం కాదు. ఆర్‌సీలో ‘సీటింగ్ కెపాసిటీ 5’ అని ఉంటుంది. ఆ ఐదుగురూ ఎక్కకముందే లోపల ఎంతమంది సర్దుకుని కూర్చున్నారో లెక్క తీసే అధికారి ఏ ఆర్టీఓ ఆఫీసులోనూ లేడు.

చట్టం చదివితే ఒళ్లు జలదరిస్తుంది. సెక్షన్ 194ఎ ప్రకారం ట్యాక్సీల్లాంటి రవాణా వాహనాల్లో పరిమితికి మించి ఎక్కించుకుంటే తలకి 200 రూపాయల జరిమానా. సొంత కారు వాళ్లు హమ్మయ్య అనుకునేలోపు 194బి వస్తుంది. 14 ఏళ్లు నిండని పిల్లలకు బెల్టు పెట్టకుండా బండి నడిపితే 1000 రూపాయలు. ఇప్పుడు డస్ట్ మైట్ అనే జీవిని తీసుకోండి. దాని ఆయుష్షు రెండు మూడు నెలలు. అంటే మన సీట్లలో ఉన్న మైట్లన్నీ మైనర్లే. ఒక్కదానికీ బెల్టు లేదు. 0.3 మిల్లీమీటర్ల ప్రయాణికుడు ట్రాఫిక్ కెమెరాకి ఆనడు కాబట్టి బతికిపోతున్నాం. ఆనిన రోజున ఈ-చలాన్ కట్టడానికి కారు అమ్మినా చాలదు.

ఈ మైట్ల గురించి కొంచెం మర్యాదగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఇంత తక్కువ ఖర్చుతో బతికే ప్రాణి మరొకటి లేదు. ఎనిమిది కాళ్లు, సాలీడుకి దూరపు చుట్టం. కరవదు, కుట్టదు, రక్తం తాగదు. మన ఒంటి నుంచి రాలిన చర్మపు పొలుసులు తింటుంది. నీళ్లు కూడా అడగదు, గాలిలోని తేమనే ఒంటితో పీల్చుకుంటుంది. చిక్కల్లా అది విసర్జించే దానితోనే. అందులోని ప్రోటీన్ల వల్లే తుమ్ములు, కళ్ల దురద, కొందరికి ఆస్తమా. ఇంటి దుమ్ము పడని వాళ్లకు అసలు పడనిది ఈ జీవేనని 1960లలోనే నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పరిశోధకులు బయటపెట్టారు. గ్రాము దుమ్ములో మైట్లు 100 దాటితే అలర్జీ పట్టుకునే ప్రమాదం, 500 దాటితే ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరాడని పరిస్థితి రావచ్చని వైద్యులు ఒక లెక్క కూడా కట్టారు. మనం మాత్రం కారెక్కగానే తుమ్ము వస్తే ‘ఏం పొల్యూషన్ బాబూ’ అని జీహెచ్‌ఎంసీని తిట్టి అద్దాలు ఎక్కిస్తాం. అద్దాలు ఎక్కించాక మిగిలేది లోపలి గాలే కదా అన్న సందేహం ఎవరికీ రాదు.

నిజం చెప్పాలంటే కారు వీటికి అంత మంచి ఊరేమీ కాదు. గాలిలో తేమ 50 శాతం కిందికి పోతే మైటు మెల్లగా ఎండిపోతుంది. కారు ఎండకు కాలుతుంది, ఏసీకి ఆరుతుంది. ఇంట్లో పరుపు ముందు ఇదెంత? కానీ అతిథి దేవోభవ అన్న జాతి మనది. ఇబ్బంది పడుతున్నవాళ్లను చూస్తూ ఊరుకోం. కొత్త కారు సీట్లకు ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ కవరు వేస్తారు, డెలివరీ ఇచ్చేలోపు మరక పడకుండా. మనవాళ్లు దాన్ని మనవడి పెళ్లి దాకా ఉంచుతారు. తీసేస్తే కొత్తదనం పోతుందట. పైన కూర్చున్నవాళ్లకి చెమట, కింద నివసించేవాళ్లకి తేమ. ఆ కవరు చిరిగిందా, దాని మీద బొచ్చు కవరు. చలికాలం లేని కాకినాడలో కూడా బొచ్చు కవరే. దాని మీద ఒక తువాలు. వానాకాలంలో తడి గొడుగు వెనక సీటు కిందికి తోస్తాం, మర్నాటికి వాసన వస్తే అద్దానికి ఒక పర్‌ఫ్యూమ్ సీసా వేలాడదీస్తాం. మల్లెపూల వాసనలో మైటుకి తిండీ నీళ్లూ మామూలుగానే అందుతాయి.

చీమల విషయం వేరు. అవి దొంగతనంగా రావు, వాటిని మనం శాస్త్రోక్తంగా ఆహ్వానిస్తాం. షోరూమ్ నుంచి బండి నేరుగా గుడికి వెళ్తుంది. బెజవాడలో కనకదుర్గమ్మ దగ్గరికి, హైదరాబాదులో పెద్దమ్మ గుడికి. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, టైర్ల కింద నిమ్మకాయలు. ఇంతవరకు అమ్మవారి పర్యవేక్షణలో జరుగుతుంది కాబట్టి ఏ పొరపాటూ ఉండదు. తర్వాత లోపల కూర్చుని స్వీటు డబ్బా తెరుస్తారు, అక్కడ మొదలవుతుంది. సీటుకీ గేరు పక్కన కన్సోల్‌కీ మధ్య ఒక సందు ఉంటుంది. అందులో మనిషి చెయ్యి పట్టదు, బూందీ లడ్డూ పలుకు మాత్రం పడుతుంది. ప్రపంచంలో ఏ కంపెనీ, ఎన్ని లక్షల కారు తయారు చేసినా ఈ సందును మాత్రం భక్తిశ్రద్ధలతో వదిలిపెడుతుంది. శివుని ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. కారులో కుట్టే చీమల విషయంలో శివుణ్ణి ఇబ్బంది పెట్టనక్కర్లేదు, ఆజ్ఞాపత్రం మనమే లడ్డూ రూపంలో జారీ చేశాం.

ఇక యుద్ధం. మనకు తెలిసిన యుద్ధం ఒకటే, స్ప్రే. లేత పసుపు రంగులో 2 మిల్లీమీటర్లు ఉండే ఫారో చీమలని ఒక జాతి ఉంది. వాటి పుట్టలో రాణి ఒక్కతే ఉండదు, చాలామంది ఉంటారు. అలాంటి చోట ఘాటైన స్ప్రే కొడితే అవి చచ్చిపోవు, చీలిపోతాయి. ఒక్కో రాణి వెంట కొందరు కార్యకర్తలు, కొన్ని గుడ్లు, కొత్త స్థావరం. తెలుగు పార్టీల చరిత్ర తెలిసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. స్ప్రేకి ముందు ఉన్నది డాష్‌బోర్డు వర్గం ఒక్కటే. స్ప్రే తర్వాత డిక్కీ వర్గం, స్టెప్నీ వర్గం పుట్టుకొస్తాయి, ‘అసలైన పుట్ట మాదే’ అని మూడూ ప్రకటిస్తాయి.

సరైన మందు ఉంది, చవక కూడా. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు చిటికెడు, పలచటి పంచదార నీళ్లలో. ఒక శాతం మించకూడదు. ఎక్కువ కలిపితే మోసుకెళ్లే చీమ దారిలోనే చస్తుంది, లోపల రాణికి అందదు. తక్కువ కలిపితే తాగి, ఇంటికెళ్లి, పిల్లలకీ రాణులకీ నోటితో అందిస్తుంది. పిల్లల చేతికి, కుక్క నోటికి అందని చోట మూతలో పోసి పెట్టాలి, పెట్టి రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. కష్టమంతా ఆ ఓపిక దగ్గరే. మందు పెట్టిన మర్నాడు చీమల బారు ఇంకా లావుగా కనిపిస్తుంది. పనిచేస్తున్నట్టు గుర్తు అదే. కానీ ఊరి నుంచి వచ్చిన మామగారు దాన్ని చూసి, ‘ఏం అల్లుడుగారూ, మందు పెట్టారా, మేపుతున్నారా?’ అంటారు. అల్లుడు సమాధానం వెతుక్కునేలోపు ఆయనే స్ప్రే తెచ్చి డబ్బా మొత్తం ఖాళీ చేస్తారు. మళ్లీ చీలిక.

బొద్దింకలకు వద్దాం. కార్లలో దొరికే చిన్న గోధుమరంగు బొద్దింకకు జర్మన్ బొద్దింక అని పేరు. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ మహాశయుడు 1767లో పెట్టాడు. అప్పటి నుంచి జర్మన్లు పాపం రెండున్నర శతాబ్దాలు ఆ నింద మోశారు. 2024లో దాని జన్యువులు పరిశీలించిన శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే, అది సుమారు 2100 ఏళ్ల కిందట మన దేశంలోనో మయన్మార్‌లోనో ఆసియా బొద్దింక నుంచి విడివడి మనుషుల వెంట ఊళ్లు పట్టుకు తిరిగిందట. కాబట్టి జర్మన్ ఇంజినీరింగ్ అని మురిసిపోయి, అర కోటి పోసి కొన్న కారులో జర్మన్ బొద్దింక కనిపిస్తే కంపెనీకి మెయిల్ పెట్టకండి. ఆ రెంటిలో ఇంజిన్ వాళ్లది, బొద్దింక మనది. ఆడ బొద్దింక ముప్పై, నలభై గుడ్ల సంచిని పొదిగే దాకా వెంట తిప్పుకుంటుంది. కిరాణా కొట్టు నుంచి తెచ్చిన అట్టపెట్టె ఒక్క రాత్రి డిక్కీలో ఉంటే చాలు. దీనికి జెల్ మందు చుక్కలు బాగా పనిచేస్తాయి. జెల్ పెట్టిన చోట స్ప్రే కూడా కొట్టేవాళ్లుంటారు, రెండు విధాలా మంచిదని. స్ప్రే వాసనకి బొద్దింక జెల్ దగ్గరికే రాదు.

మార్కెట్ మాత్రం మన బాధను అర్థం చేసుకుంది. ‘డీప్ ఇంటీరియర్ క్లీనింగ్’ అని సిల్వర్, గోల్డ్, ప్లాటినం ప్యాకేజీలు దొరుకుతాయి. మూడింటికీ తేడా చివర్లో కొట్టే సెంటు అని నా అనుమానం. డబ్బు ఖర్చు పెట్టడం ఇష్టంలేని వాళ్లు కలరా ఉండలు కొంటారు. కలరా ఉండ నిజంగానే పనిచేస్తుంది, మూసిన ట్రంకు పెట్టెలో, పట్టుచీరల మధ్య. పురుగు చావాలంటే దాని ఆవిరి పెట్టె నిండా నిండాలి. అలా ఆవిరి నింపిన పెట్టెలో మనం పసిపిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, అద్దాలు బిగించుకుని తిరుపతి వెళ్తాం. పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసివాళ్లకు ఆ ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చు. ఈ సంగతి చెబితే ‘మా చిన్నప్పుడు బీరువా నిండా ఉండేవి, మాకేమైంది?’ అంటారు. బీరువాలో మనం ప్రయాణం చేయలేదు. ఇంకొందరు స్ప్రే డబ్బానే కారులో శాశ్వతంగా ఉంచుతారు, అవసరానికి. అందులో మందును బయటికి తోసేది మండే గ్యాసు. మే నెల మధ్యాహ్నం అది పేలితే బొద్దింకకు ఏమవుతుందో గానీ వెనక అద్దం మాత్రం పోతుంది.

విదేశాల్లో ఈ జీవుల్ని ఎంత సీరియస్‌గా తీసుకుంటారో చూడండి. పెట్రోలు ఆవిరి పోయే గొట్టంలో ఒక జాతి సాలీడు గూడు అల్లుతోందని 2011లో మాజ్దా కంపెనీ ఉత్తర అమెరికాలో సుమారు 65 వేల కార్లను వెనక్కి పిలిచింది. 2014లో మళ్లీ పిలిచింది. 2013లో టయోటా, ఏసీ నీళ్లు పోయే గొట్టానికి సాలెగూడు అడ్డుపడి ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ మాడ్యూల్ మీదికి నీళ్లు కారొచ్చని 8 లక్షలకు పైగా కార్లను పిలిచింది. ఇక్కడ వినాయకుడికి ఎలుక వాహనం, ఎలుకకి మన కారు వాహనం. వైర్లు కొరికిందని సర్వీసింగ్‌కి తీసుకెళ్తే ‘వారంటీలో రాదు సార్’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

అన్నిటికన్నా బలమైన మందు మన దగ్గర ఉచితంగా ఉంది, దాన్నుంచి మాత్రం పారిపోతాం. 2018లో అరిజోనాలో కొలిచి చూశారు. 38 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటసేపు ఎండలో నిలిపిన కార్లలో లోపలి గాలి సగటున 47 డిగ్రీలు, సీట్లు 51, డాష్‌బోర్డు 69. నల్లులు 50 దగ్గర నిమిషాల్లో చస్తాయి. మైట్లకూ ఆ వేడి, ఆ పొడితనం గిట్టవు. స్పాంజి లోతుకు వేడి దిగడానికి ఇంకాసేపు పడుతుంది, అంతే. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నాలు ఈ పనికోసమే పుట్టాయి. మనుషుల్నీ పెంపుడు జంతువుల్నీ దింపేసి, అద్దాలెక్కించి ఎండలో వదిలేస్తే చాలు. మనం మాత్రం అపార్ట్‌మెంటులో నీడ ఉన్న ఒక్క స్లాటు కోసం అసోసియేషన్ ఎన్నికల్లో పోటీ చేస్తాం. గెలిస్తే వేపచెట్టు కింద పెడతాం. కొమ్మ మీది చీమలు నేరుగా పైకప్పు మీదికి దిగుతాయి.

ఎండకి చచ్చిన మైటు తన ఆస్తిని మన పేరున రాసి పోతుంది. విసర్జన అక్కడే ఉంటుంది, అలర్జీ కూడా. దాన్ని వ్యాక్యూమ్‌తోనే తీయాలి, అదీ మ్యాట్లు ఎత్తి, సీట్లు ముందుకూ వెనక్కీ జరిపి, కుట్ల వెంబడి. ఉతకగలిగిన కవర్లు 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి. గ్లోవ్ బాక్సు వెనక ఏసీ ఫిల్టరు ఉంటుంది, దాన్ని మార్చాలి. మార్చినట్టు బిల్లులో ఎప్పుడూ ఉంటుంది. అనుమానముంటే డబ్బా ఊడదీసి చూడండి, పోయిన ఏడాది ఆకులు పలకరిస్తాయి. కారులో తినడం మానేయమని కూడా నిపుణులు అంటుంటారు. ఆ సలహాను తెలుగువాళ్లకు ఇచ్చేంత ధైర్యం నాకు లేదు. మిర్చి బజ్జీ లేని హైవే ప్రయాణాన్ని ఏ చట్టమూ అమలు చేయలేదు.

ఇవేవీ చేయలేని వాళ్లకు రాజమార్గం ఒకటుంది, కారు అమ్మేయడం. ‘సింగిల్ ఓనర్, డాక్టర్ గారు వాడిన బండి, సూపర్ కండిషన్’ అని ప్రకటన వస్తుంది. మనవాళ్లు చూడ్డానికి వెళ్లి టైర్లు తంతారు, బానెట్ ఎత్తి ఇంజిన్ చప్పుడుకి తలూపుతారు, మీటరు వెనక్కి తిప్పారేమోనని కళ్లు చిట్లిస్తారు. అది మెకానిక్ చూసుకుంటాడు. మీరు ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, పట్టాల దగ్గర ఫోన్ లైటు వేయండి. పల్లీ తొక్కలు, లడ్డూ పలుకులు, వాటి చుట్టూ జనసంచారం కనిపిస్తే బేరం అక్కణ్నుంచి మొదలుపెట్టండి. ‘అవన్నీ మామూలే సార్, ఒక్క వాష్ చేయిస్తే పోతాయ్’ అంటాడు అమ్మేవాడు. ‘అయితే చేయించే ఇవ్వండి’ అనండి, అడ్వాన్సు మాత్రం జేబులోంచి తీయకండి.